డేగకు పప్పన్నం

పత్తికొండ బజారులో కేశవయ్య అంగడి ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. జొన్నలు, కొర్రలు, సజ్జలు, కందిపప్పు అమ్మే అంగడి అది. తండ్రి నుంచి ఆయన చేతికి వచ్చింది, ఇప్పుడు కొడుకు వాసుదేవ్ చేతికి పోయింది. కేశవయ్య మాత్రం పొద్దున పూట వచ్చి ఒక పక్కన కుర్చీ వేసుకుని, కొనడానికి వచ్చినవాళ్ళకు వాళ్ళు అడగని సంగతులన్నీ చెప్పి, ఎండ ముదిరే వేళకు అంగడి వెనకే ఉన్న ఇంటికి పోతాడు. మనిషి చాలా మంచివాడు. ఆ సంగతి ఆయనకు కూడా బాగా తెలుసు, ఆయనతో ఉన్న ఇబ్బందల్లా అదే.

వ్యాపారంలో ఆయనకొక పేరుంది. అడిగిన సరుకు లేదని చెప్పి మనిషిని ఉత్త చేతులతో పంపడం ఆయన ఎరగడు. సజ్జల కోసం వచ్చినవాడికి సజ్జలు లేకపోతే కొర్రలు చూపిస్తాడు. కొర్రల్లో ఉన్న గుణాలు చెబుతాడు. వచ్చినవాడి తాత కొర్రన్నం తిని ఎంతకాలం గట్టిగా తిరిగాడో గుర్తుచేస్తాడు. చివరికి ఆ మనిషి కొర్రల సంచి భుజాన వేసుకుని, మొదటి నుంచీ కొర్రల కోసమే వచ్చానని అనుకుంటూ పోతాడు. కాస్త ఓపిగ్గా నచ్చజెబితే ఎవరైనా ఒక సరుకు మానుకుని ఇంకో సరుకు తీసుకుంటారని కేశవయ్య గట్టి నమ్మకం. ఆయన పడిన పాట్లు సగం ఆ నమ్మకం వల్లనే.

తిండి విషయంలో ఆయన పట్టింపు ఇంతా అంతా కాదు. పెళ్ళి భోజనానికి పోతే, శాకానికీ మాంసానికీ వంటశాల ఒకటా రెండా అని ముందు విచారించి కానీ విస్తరి ముందు కూర్చోడు. ఒకసారి ఆదోని నుంచి వచ్చే బస్సులో పక్క సీటాయన ఒళ్ళో ఉన్న సంచిలోంచి కోడి తల బయటికి పెట్టి చూసింది. కేశవయ్య లేచి పత్తికొండ దాకా నిలబడే వచ్చాడు. కోడి ఆయన సీట్లో హాయిగా ప్రయాణం చేసింది.

మూడేళ్ళ కిందట ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మకు కర్నూల్లో గుండె ఆపరేషన్ అయింది. కూతురు హరిత కర్నూల్లోనే కాపురముంటూ బడిలో సైన్సు పాఠాలు చెబుతుంది కాబట్టి ఆస్పత్రి పనులన్నీ ఆమే చూసుకుంది. కేశవయ్య చేసింది వరండాలో అటూ ఇటూ తిరగడం, కనబడిన ప్రతి నర్సునూ ఆపి ఎట్లుండాది అని అడగడం. ఆపరేషన్ గది తలుపు మూసినప్పుడు మాత్రం ఆయన తిరగడం ఆపాడు. గోడకు ఆనుకుని నిలబడి, నోరులేని పక్షులకు రోజూ ఒక పడి జొన్నలు పోస్తాను, రాజ్యం ఉన్నన్నాళ్ళూ పోస్తాను, దాన్ని బతికించు తండ్రీ అని మొక్కుకున్నాడు. ఏ దేవుడికి మొక్కుకున్నదీ ఆ కంగారులో చెప్పడం మరిచిపోయాడు. అందుకని ఇప్పుడు దేవుళ్ళందరికీ భయపడాల్సి వస్తోంది.

ఆమె బతికి ఇంటికి వచ్చింది. ఆ మరుసటి పొద్దు నుంచి కేశవయ్య పడి నిండా జొన్నలు కొలుచుకుని మిద్దె ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి రకం జొన్నలే పోయాలని దేవుడూ అడగలేదు, ఈయనా మాట ఇవ్వలేదు కాబట్టి, ముక్కుపురుగు పట్టి అమ్ముడుపోని మూటలు అట్లా మిద్దెకెక్కేవి. పావురాలు వచ్చాయి, గువ్వలు వచ్చాయి, పిచ్చుకలు, గోరింకలు వచ్చాయి. ఆయన మధ్యలో నిలబడి, పెళ్ళివారి పంక్తిలో వడ్డన చూసే పెద్దమనిషి మాదిరి, "ఏయ్, నువ్వు ఆ పక్కకు పో, చిన్నవాటిని తిననీ," అని పావురాలను అదిలించేవాడు.

"నేను బతికినది ఈ రెట్టలు కడిగేదానికే అనుకుంటా," అనేది రాజ్యలక్ష్మమ్మ. మిద్దె మీద వడియాలు ఎండబెట్టే భాగ్యం ఆమెకు పోయింది. అయినా ఆ మొక్కు ఎవరి కోసమో తెలుసు కనుక గట్టిగా ఏమీ అనేది కాదు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందని ఆమె మిద్దె మీదికి పోవడం కూడా మానేసింది.

ఇదంతా సజావుగా సాగుతుండగా, మొన్న కంది కోతలప్పుడు, ఒక పొద్దున డేగ దిగింది.

అది ఎటు నుంచి వచ్చిందో కేశవయ్య చూడలేదు. పంక్తి అంతా ఒక్కసారి గుప్పున లేచింది. మళ్ళీ చూసేసరికి నీళ్ళ ట్యాంకు మీద డేగ, దాని కాళ్ళ కింద ఒక గువ్వ. ఆ గువ్వ అంతకుముందే ఆయన చేతి దగ్గర జొన్నలు తింటోంది. డేగ ఏ తొందరా లేకుండా ఈకలు పీకడం మొదలుపెట్టింది. ఈకలు గాలికి తేలుతూ వచ్చి కేశవయ్య ఖాళీ పడిలో పడ్డాయి. ఆయన ఆ పడిని అక్కడే వదిలేశాడు. దిగి వచ్చి అంగడి ముందు కూలబడ్డాడు.

అంగట్లో మూటలు మోసే మద్దిలేటి ఈయనకంటే రెండేళ్ళు చిన్న. కుర్రతనం నుంచీ అక్కడే ఉన్నవాడు కనుక సావుకారిని నువ్వు అనే చనువుంది.

"మద్దిలేటీ, మిద్దె మీద హత్య జరిగినాది," అన్నాడు కేశవయ్య.

"ఎవురిని సావుకారీ?"

"గువ్వను. డేగ పట్టుకోని తినినాది."

మద్దిలేటి మూట దించి, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "అంతేనా. నేను యాదో అనుకుంటి. దానికి ఆకలైనాది, తినినాది. డేగ గడ్డి మేస్తాదా?"

"తింటే తినల్ల. నా మిద్దె మీదనే తినల్లనా? నా జొన్నలు తినేదానికి వచ్చిన గువ్వనే తినల్లనా?"

"గువ్వలన్నిటినీ ఆడ ఒక్కచోట కూడేస్తాండావు. దానికి యాడాడో తిరిగే పని తప్పినాది. అది నీకు దండం పెట్టుకుంటా ఉంటాది," అన్నాడు మద్దిలేటి.

ఆ మాట కేశవయ్య గుండెల్లో గుచ్చుకుంది. తాను జొన్నలు పోయకపోతే గువ్వ అక్కడికి వచ్చేది కాదు. గువ్వ రాకపోతే డేగ వచ్చేది కాదు. అంటే జొన్నల రూపంలో తాను పెట్టిన తిండి, గువ్వ రూపంలో డేగ కడుపులోకి పోయింది. నాలుగు తరాలుగా ముక్క ముట్టని ఇంటి మిద్దె మీద, తన చేత్తోనే, మాంసం వడ్డన జరిగింది. ఆయనకు అన్నిటికంటే భయం వేసిన సంగతి ఇంకొకటి. ఆ జొన్నలు రాజ్యం ప్రాణం కోసం మొక్కుకున్నవి. ప్రాణం నిలపమని మొక్కుకున్న మొక్కులో ప్రాణం పోతే, ఆ దోషం ఎవరికి తగులుతుంది?

డేగ మరునాడూ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది.

మద్దిలేటి సలహా మీద మిద్దె నడుమ బెదురుబొమ్మ లేచింది. కేశవయ్య పాత చొక్కా, పాత పంచె, నెత్తిన కుండ. ఒకరోజు పక్షులన్నీ దూరంగా ఉండిపోయాయి. రెండోరోజు పావురాలు దాని చేతుల మీద కూర్చున్నాయి. మూడోరోజు డేగ వచ్చి, చుట్టూ చూసి, ఇంతకంటే ఎత్తైన చోటు లేదనుకుందో ఏమో, కుండ మీద కూర్చుంది. కింద బజారులో పోయేవాళ్ళకు కేశవయ్యే పొద్దస్తమానం మిద్దె మీద నిలబడి, తల మీద డేగను మోస్తున్నట్టు కనబడేది.

ఎదురు అంగట్లో స్టీలు సామాన్లు అమ్మే నాగరాజ్‌కు అంతకంటే ఏం కావాలి. "ఏమప్పా కేశవయ్యా, మిద్దె మీద మాంసం హోటలు పెట్టినావంట. బోర్డు ఎప్పుడు కట్టిస్తాండావు?" అని దారిన పోయేవాళ్ళకు కూడా వినబడేట్టు అడిగాడు. కేశవయ్య ఆ పూట బొమ్మను పీకేశాడు.

ఇక తానే కాపలా కూర్చోవడం తప్ప గత్యంతరం కనబడలేదు. కుర్చీ మిద్దెకెక్కింది, గొడుగు ఎక్కింది, చెంబుతో నీళ్ళు ఎక్కాయి. పుట్టి బుద్ధెరిగాక పక్షులను అంత సేపు చూడటం ఆయనకు అదే మొదలు. చూడకుండా ఉంటేనే బాగుండేదని రెండు రోజుల్లో అర్థమైంది.

మొదట చెడ్డపేరు తెచ్చుకుంది గోరింక. తన జొన్నలే తింటోందని మూడేళ్ళుగా మురిసిపోతున్నాడు. దగ్గర నుంచి చూస్తే అది జొన్న గింజలను పక్కకు నెట్టి, అందులోని ముక్కుపురుగులను ఒక్కొక్కటే ఏరుకు తింటోంది. తర్వాత పాలపిట్ట. దసరాకు దాని దర్శనం కోసం ఊరి బయట చేలలో పడి తిరిగే మనిషి ఈయన. అది కరెంటు తీగ మీద కూర్చుంటే చేతులు జోడించాడు. జోడించిన చేతులు దించకముందే అది కింద వాలి, ఒక మిడతను పట్టుకుని, తీగకేసి కొట్టి కొట్టి మింగింది. ఇంకోరోజు తొండ పిల్లను కూడా అట్లాగే చేసింది.

మధ్యాహ్నం భోజనానికి దిగినప్పుడు ఆయన ఈ వార్తలు చుట్టాల ఇళ్ళల్లో జరిగిన తప్పులు చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పేవాడు.

"రాజ్యం, పాలపిట్ట కూడా."

"పాలపిట్ట కూడా ఏమి?"

"మిడతను తినినాది. నా కండ్లతో చూసినా."

"మరి పాలు పొంగించుకోని తాగుతాదనుకుంటిరా?" అంది ఆమె, మజ్జిగ పోస్తూ.

ఆఖరికి మిగిలిన ఆశ పిచ్చుక. అంత చిన్న నోరు, అంత చిన్న కడుపు, అది గింజ తప్ప ఇంకేం తింటుంది అనుకున్నాడు. మీటరు పెట్టె వెనక గూడు కట్టిన పిచ్చుక నోట్లో ఆకుపచ్చ పురుగు గిలగిలలాడటం చూసినరోజు ఆయన నేరుగా కర్నూలుకు ఫోను చేశాడు.

"పిల్లలకు పురుగులే పెడతాది నాన్నా," అంది హరిత నవ్వు ఆపుకుంటూ. "ఈకలు వచ్చేదాకా గింజలతో వాటికి బలం రాదు. పెద్దయినాక గింజలు తింటాయి."

"తల్లే చిన్నప్పటి నుంచి అట్ల నేర్పిస్తే ఇంగ పిల్లలు ఎట్ల బాగుపడతాయి?"

"బాగానే పడతాండాయి కదా. పురుగును పిచ్చుక తింటాది, గువ్వను డేగ తింటాది. గువ్వలను ఎవురూ తినకుంటే రెండేండ్లకు చేన్లలో జొన్న గింజ మిగలదు. అప్పుడు అంగట్లో మీరు ఏమి అమ్ముతారు?"

"జొన్నలు లేకుంటే ఇంకోటి అమ్ముతా," అని ఫోను పెట్టేశాడు కేశవయ్య. పెట్టేసిన తర్వాత ఆ మాట ఆయన బుర్రలోనే తిరిగింది. ఒకటి లేకపోతే ఇంకొకటి. తన వృత్తే అది కదా. మనుషులకు నచ్చజెప్పగలిగినవాడు పక్షికి నచ్చజెప్పలేడా? ఆ డేగకు పాపం ఎవరూ మంచి తిండి పెట్టి ఉండరు. పుట్టినప్పటి నుంచీ తెలిసింది మాంసమే. ఒక్కసారి నెయ్యి వేసిన పప్పన్నం రుచి చూస్తే, ఇంత కష్టపడి గువ్వల వెంట పడాల్సిన అవసరం దానికి మాత్రం ఏముంది?

మరునాడు ట్యాంకు మీద విస్తరాకు వెలిసింది. అందులో వేడి పప్పన్నం ముద్దలు, పైన నెయ్యి. కేశవయ్య గొడుగు చాటున కూర్చుని కనిపెట్టుకున్నాడు. డేగ వచ్చింది. ముద్దల వైపు ఒక కన్నుతో చూసింది, మెడ తిప్పి రెండో కన్నుతో చూసింది. తర్వాత గువ్వల వైపు చూసింది. పప్పన్నమంతా కాకులు తిన్నాయి.

రుచి నచ్చలేదేమోనని ఆయన సరుకు మార్చాడు. అలసంద వడలు పెట్టాడు. బొరుగుల ఉగ్గాని పెట్టాడు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలిపి పెట్టాడు. మీల్ మేకర్ ముక్కలు అచ్చం మాంసం మాదిరే ఉంటాయని ఎవరో చెబితే, ఏనాడూ ఇంట్లోకి రానివ్వని ఆ ముక్కలను తెప్పించి, మసాలా దట్టించి వండించాడు. డేగ వాటి పక్కనే కూర్చుని, తీరిగ్గా ఒక గువ్వను తిని పోయింది. మిగిలిన గిన్నె మద్దిలేటికి పోయింది. వాడు నాలుగు ముక్కలు నమిలి, "ఇది మాంసం మాదిరి యాడుండాది సావుకారీ? మనిషినే మోసం చేయలేవు, డేగను ఏం చేస్తావు," అని మొత్తం గిన్నె ఖాళీ చేశాడు.

ఇంత విందు జరుగుతుంటే పక్షులు ఊరుకుంటాయా? ఊళ్ళో ఉన్న కాకులూ గోరింకలూ పావురాలూ అన్నీ ఆ మిద్దెకే చేరాయి. పక్షులు పెరిగాయి కనుక డేగ తన జంటను కూడా పిలుచుకొచ్చింది. ఇప్పుడు రెండు డేగలు. కేశవయ్య జీవితంలో ఒక గిరాకీకి సరుకు అంటగట్టలేకపోవడం అదే మొదటిసారి, పైగా ఆ గిరాకీ ఇంట్లోవాళ్ళను కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

ఒక పొద్దున గుండె రాయి చేసుకుని జొన్నలు పోయడం మానేశాడు. పక్షులన్నీ పిట్టగోడ మీద వరసగా కూర్చుని మెట్ల వైపే చూశాయి. ఆయన కిందనే ఉండి చెవులు మూసుకున్నాడు. ఆ రోజే రాజ్యలక్ష్మమ్మ నీళ్ళ బిందె ఎత్తబోయి, రోజూ చేయని పని కనుక, ఆయాసపడి గడప మీద కూర్చుంది. కేశవయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె వద్దంటున్నా వినకుండా రెండు పడుల జొన్నలు తీసుకుని మెట్లు పరుగెత్తి ఎక్కాడు. అవి ముక్కుపురుగు లేని మొదటి రకం జొన్నలు.

జొన్నలు పోయకపోతే రాజ్యానికి ముప్పు. పోస్తే హత్య. ఆయనకు ఎటూ దారి లేకుండా పోయింది. ఆలోచించి ఆలోచించి తనకు తానే ఒక శిక్ష వేసుకున్నాడు. డేగ గువ్వను తిన్న రోజు తాను రాత్రి అన్నం తినడు. మొక్కు తనది కాబట్టి దోషం కూడా తన ఒంటి మీదికే రావాలి, రాజ్యం దాకా పోకూడదు, అని ఆయన లెక్క.

ఈ ఏర్పాటు డేగలకు తెలియదు. అవి రోజూ తిన్నాయి. కడుపులో బాగాలేదని ఒకరోజు, ఏకాదశి అని ఒకరోజు, పొద్దున ఉగ్గాని ఎక్కువైందని ఒకరోజు ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. తనకున్న చక్కెర జబ్బుకు వేసుకునే మాత్రలు మాత్రం మానలేదు, దానితో కళ్ళు తిరగడం మొదలైంది. చొక్కా భుజాల మీద వదులైంది. ఒక సాయంత్రం మిద్దె దిగుతూ మధ్య మెట్టు మీద కూర్చుండిపోయాడు, లేవలేకపోయాడు. మద్దిలేటి చూసి, ఎత్తుకుని తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు.

"శానా తేలికైపోయినాడమ్మా," అన్నాడు వాడు రాజ్యలక్ష్మమ్మతో. ఆ రోజు వాడి మాటల్లో వేళాకోళం లేదు. "మూటలెత్తే చేతులమ్మా నావి, నాకు తెలుస్తాది. పైన డేగలు మాత్రం బాగుండాయి."

ఆమె చక్కెర నీళ్ళు కలిపి తాగించింది. కాస్త తేరుకున్నాక పక్కన కూర్చుని నిలదీసింది. దాచడం చేతకాక ఆయన మొత్తం చెప్పేశాడు.

"నీ కోసం మొక్కుకున్న జొన్నలు, రాజ్యం. వాటి మీద రోజూ నెత్తురు పడతాండాది. అది నీకు తగిలితే నేను ఏమైపోవల్ల? నాకు తగలనీ. నేను రోంత పస్తుంటే పోయేదేముండాది."

రాజ్యలక్ష్మమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది. ఆయన నిద్రపోయాక కూడా ఆమెకు నిద్ర పట్టలేదు. తన మీది ప్రేమతోనే ఆయన చిక్కిపోతుంటే, చూస్తూ కూర్చున్నానే అని ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

మరునాడు పొద్దు వాలేవేళ కేశవయ్య మిద్దె మీద కుర్చీలో ఉన్నాడు. ట్యాంకు మీద ఒక డేగ అప్పుడే పట్టుకొచ్చిన గువ్వను తింటోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే మద్దిలేటి అనుకున్నాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కి వచ్చింది రాజ్యలక్ష్మమ్మ. ఆయన గాభరాగా లేచి కుర్చీ ఇచ్చి, తాను పిట్టగోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"యాంటికి ఎక్కినావు? నన్ను పిలిస్తే నేనే దిగుదును కదా."

ఆమె ఊపిరి కుదుటపడే దాకా ఆగింది. డేగ వైపు చూసింది. అది ఎట్లా ఉంటుందో ఆమె అప్పుడే మొదటిసారి చూడటం.

"ఇదేనా?"

"ఇదే. ఇంగోటి ఆ సెల్ టవరు మీద ఉండాది."

"మీకు ఒక మాట చెప్పల్ల. చెప్పినాక మీరు నన్ను ఏమన్నా అనండి." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆపరేషనప్పుడు ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పినాది, ఒంట్లో బలం లేదు, కుట్లు మానడం లేదు, దినమూ గుడ్డు తినల్లని. నేను తిననంటి. పప్పు తింటా, పాలు తాగుతా అంటి. అవన్నీ ఇచ్చి చూసినారు, చాలలేదు. హరిత ఏడ్చినాది. ఇంగ నేను తింటి."

కేశవయ్య పిట్టగోడ వదిలి ముందుకు వంగాడు.

"ఉడకబెట్టి, ఇడ్లీల కింద పెట్టి తెచ్చేది. మీరు వరండాలో కూర్చోని అందరు దేవుళ్ళకూ దండాలు పెట్టుకుంటాంటిరి. నేను లోపల గుడ్డు తింటాంటి. ఇంటికి వచ్చే దాకా తిన్యా. మీకు చెప్తే మీరు ఏమైపోతారో అని చెప్పలేదు. మీరు జొన్నలు పోసి నన్ను బతికించుకున్నాననుకుంటాంటే, అట్లనే అనుకోనీలే అని గమ్మునుంటి." ఆమె మళ్ళీ డేగ వైపు చూసింది. "నాకు బతకల్లని ఉండె. మీ జతలో ఇంగా కొన్నాళ్ళు ఉండల్లని ఉండె. అందుకని తింటి. ఈ డేగను మీరు పాపిష్టిది అంటాంటే నాకు రోజూ ఎట్లుంటాదో తెలుసునా? ఇప్పుడు చెప్పండి. నా కోసం ఎన్నాళ్ళు పస్తుంటారు?"

కేశవయ్య తల తిప్పుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిన మాట నిజం. నాలుగు తరాల ఇల్లు, తన ఇడ్లీల గిన్నె, తన కన్నకూతురు. ఆ కోపం చాలాసేపు ఉండాలని కూడా ఆయనకు అనిపించింది. కానీ ట్యాంకు మీద డేగ ముక్కు తుడుచుకుంటున్న చప్పుడు, పక్కన రాజ్యం ఆయాసంగా ఊపిరి తీస్తున్న చప్పుడు రెండూ వినబడుతుంటే కోపం నిలవలేదు. ఆస్పత్రి తలుపు మూసినప్పుడు వరండాలో తాను ఏం అడిగాడో జ్ఞాపకం వచ్చింది. దాన్ని బతికించమని అడిగాడు. ఎట్లా బతికించాలో, ఏం పెట్టి బతికించాలో చెప్పలేదు. ఆమె ఉంది. ఆయాసపడుతూ, చెమట పట్టి, తప్పు చేసిన పిల్ల మాదిరి కొంగు నలుపుతూ, పక్కనే ఉంది. ఆమె లేకుండా ఈ మూడేళ్ళూ ఎట్లా ఉండేవో ఆయన తలచుకోలేకపోయాడు.

"ఉప్పు వేసి ఇచ్చేదా హరిత?" అని అడిగాడు.

"రోంత మిరియాల పొడి కూడా."

"అట్లయితే మేలు. సప్పిడిది ఎట్ల తినేది." ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నట్టు కనబడకుండా గొడుగు మూసే పని పెట్టుకున్నాడు. "డాక్టరమ్మ చాల్లే అన్నప్పుడు నువ్వు ఇంగో నాలుగు తిని రావల్సిండె. ఈ మెట్లు ఎక్కేటప్పుడు ఇంత ఆయాసం వచ్చేది కాదు."

రాజ్యలక్ష్మమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కాసేపు ఏదీ ఆపుకోలేకపోయింది. తర్వాత ట్యాంకు వైపు చూపించి, "అది ఈ పొద్దు కూడా తినినాది. మీకు పస్తేనా?" అంది.

కేశవయ్య డేగ వైపు చూశాడు. అది తినడం ముగించి, ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుని ఎండకు కూర్చుంది.

"తినిందిలే. కడుపు నిండా తినింది," అన్నాడు ఆయన, భార్యకు చెయ్యందించి లేపుతూ. "పద, మనం కూడా తిందాం. నాకు ఆకలైతాండాది."